చెరువు నీళ్లు, బోరు నీళ్లు కలిపి వాడుకోవడం: కొత్త బోరు వేసే ముందు ఇది చదవండి

మీరడిగింది ముందు నా మాటల్లో రాస్తా, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవ్వాలి కదా. అనంతపురం జిల్లా, ఎర్ర నేల, నాలుగున్నర ఎకరాలు. ఎకరంన్నరలో మూడేళ్ల చీనీ (బత్తాయి) చెట్లు, మిగతా మూడెకరాలు శెనక్కాయ (వేరుశనగ), ఎప్పుడైనా టమాటా. బోరు 420 అడుగులు, వేసినప్పుడు రిగ్ వాళ్లు రెండించుల నీళ్లు పడ్డాయన్నారు, ఇప్పుడు ఎండాకాలం వస్తే గంట పోసి గ్యాప్ ఇస్తోంది, నీళ్లు కూడా కొంచెం ఉప్పుగా ఉన్నాయి. ఊరి చెరువుకి రెండేళ్ల నుంచి హంద్రీనీవా (శ్రీశైలం నీళ్లు ఎత్తిపోసి తెచ్చే కాలువ) నీళ్లు వదుల్తున్నారు, చెరువు మీ పొలానికి 600 మీటర్లు. చేతిలో మూడు లక్షలున్నాయి, దాంతో ఇంకో బోరు వేయాలా, చెరువు నుంచి పైపు లాగాలా, ఫాంపాండ్ (పొలంలో కుంట) తవ్వాలా అని అడిగారు.

నేనైతే బోరు వద్దంటా. పైపు మంచిదే కానీ మీరనుకున్న పనికి కాదు. మీరు చివర్లో ఒక మాట రాశారు చూడండి, "చెరువు నీళ్లు దొరికితే ఇంకో ఎకరంన్నర చీనీ పెడదామనుకుంటున్నా" అని, నాకు అసలు భయం అక్కడే. ఇదే పని నేను చేసి దెబ్బ తిన్నా. వాటర్‌షెడ్ పనుల్లో పాతికేళ్లు ఊళ్లమ్మట తిరిగి అందరికీ నీటి లెక్కలు చెప్పినవాణ్ణి, ఒక ఏడాది కాలువ నీళ్లు సంక్రాంతి దాటి కూడా దండిగా వచ్చేసరికి నా సొంత పొలంలో రెండెకరాలు అరటి పెట్టేశా. ఫిబ్రవరిలో కాలువ ఆగింది. మార్చి చివరికి నా బోరు అరగంట పోసి పావుగంట దగ్గేది. ఏప్రిల్లో ట్యాంకర్లు తోలించా, మే నెలలో ఆ డబ్బులూ లేవు. అరటి పోయింది, అది సరే, దాన్ని బతికించాలని బోరుని రాత్రీ పగలూ పిండినందుకు పక్కనే ఉన్న పాత మామిడి చెట్లు కూడా నాలుగు ఎండిపోయాయి. అందుకే ఇప్పుడు ఎవరడిగినా ముందు ఇదే చెప్తా: ఎన్ని ఎకరాలు పెట్టాలన్నది అక్టోబర్లో చెరువు చూసి కాదు, ఏప్రిల్లో బోరు చూసి తేల్చుకోవాలి.

ఇప్పుడు లెక్కకొద్దాం. ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా మీరే వేసుకోవచ్చు: ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే సుమారు 4,000 లీటర్లు. మన జిల్లా సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర, అంటే ఎకరం మీద ఏడాదికి 22 లక్షల లీటర్లు పడుతుంది. వినడానికి బాగానే ఉంది కదా, కానీ దాంట్లో భూమిలోకి దిగి బోరుకి అందేది ఎంత? మనలాంటి గ్రానైట్, నైస్ రాతి నేలల్లో భూగర్భజలాల వాళ్లు లెక్కలకి వాడే ప్రమాణం పైపొర బాగా శిథిలమైన చోట వానలో 8 నుంచి 11 శాతం, పగుళ్లు పెద్దగా లేని గట్టి రాయైతే ఒక శాతమే. అంటే ఎకరానికి రెండు లక్షల లీటర్లు, అటూ ఇటూగా. రబీ శెనక్కాయకి పంట మొత్తానికి 450 నుంచి 500 మిల్లీమీటర్లు కావాలి, అంటే 18, 20 లక్షల లీటర్లు. ఒక ఎకరం శెనక్కాయని బోరు కింద పండించారంటే తొమ్మిది పది ఎకరాల మీద పడి ఇంకిన వాన నీళ్లు లాగేసినట్టు. వరైతే 50 లక్షల పైనే కాబట్టి పాతికెకరాలు. మీకున్నది నాలుగున్నర. మిగతా నీళ్లు ఎవరివి? పక్కాయనవి, చెరువువి. మనమెవరం ఇలా ఆలోచించం, మన పొలంలో బోరు కాబట్టి నీళ్లు మనవే అనుకుంటాం.

ఇంకొకటి, ఇది చాలామందికి కొత్తగా అనిపిస్తుంది. రాతి నేల కింద నీళ్లు దాచుకునే చోటు చాలా తక్కువ. కృష్ణా గోదావరి డెల్టాలో ఇసుక పొరలుంటాయి, వాటికీ మనకీ పోలికే లేదు. మన దగ్గర శిథిలమైన పొరలో నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లే వాడుకోడానికి వచ్చే నీరు. పది మీటర్ల మందం పొర పూర్తిగా నిండిందనుకోండి, రెండు పాళ్లు లెక్కేస్తే 200 మిల్లీమీటర్లు, ఎకరం కింద ఎనిమిది లక్షల లీటర్లు. ఒక ఎకరం రబీ శెనక్కాయకి సగం కూడా కాదు. దాని కిందున్న రాతిలో పగుళ్లుంటాయి, అవి గోడౌన్ కాదు, దారి మాత్రమే. 420 అడుగుల బోరుకి బదులు 900 అడుగులు వేస్తే ఇంకో పగులు తగలొచ్చు, తగలకపోవచ్చు, తగిలినా ఆ పగులుకి నీళ్లు రావాల్సింది ఆ పై పొరలోంచే. మీ పాత బోరు పక్కన కొత్త బోరు వేయడమంటే ఒకే కుండలో రెండు చెంబులు ముంచడం. మొదటి నెల రెండూ నిండుతాయి, సంతోషంగా ఉంటుంది. రిగ్గు, కేసింగు, మోటరు, కేబులు అన్నీ కలిపితే మీ మూడు లక్షలు అవలీలగా అయిపోతాయి, పాయింటు ఫెయిలైతే చేతిలో ఏమీ మిగలదు. రిగ్ వాళ్లు చెప్పే ఇంచుల గురించి కూడా ఒక మాట: కంప్రెసర్ గాలితో పైకి ఊదినప్పుడు కొలిచిన నీళ్లు అవి, రోజూ ఐదారు గంటలు మోటరు ఆడించినప్పుడు వచ్చే నీళ్లు కావు. ఆ అంకె మీద తోటలు పెట్టకూడదు.

కాబట్టి మొదట చేయాల్సింది ఏప్రిల్ రెండో వారంలో డ్రమ్ము టెస్టు. 200 లీటర్ల డ్రమ్ము డెలివరీ పైపు కింద పెట్టండి, ఫోన్‌లో టైం చూడండి. మోటరు వేసిన పది నిమిషాలకి ఒకసారి, గంటకి, రెండు గంటలకి, మూడు గంటలకి, గ్యాప్ కొట్టేదాకా. తర్వాత మోటరు ఆపి మళ్లీ అదే ధార రావడానికి ఎంతసేపు పట్టిందో కూడా రాసుకోండి, ఇది ఎవరూ రాసుకోరు, అసలు విషయం అందులోనే ఉంటుంది. ఉదాహరణకి డ్రమ్ము 100 సెకన్లలో నిండిందనుకోండి, గంటకి 7,200 లీటర్లు. గ్యాపులు పోను రోజుకి నాలుగు గంటలు అలా పోస్తే 29,000 లీటర్లు. ఇదీ మీ ఆస్తి. ఇప్పుడు చీనీ చెట్లు ఎకరానికి 110 అనుకుంటే ఎకరంన్నరకి 165. మూడేళ్ల చెట్టుకి ఇప్పుడు నలభై యాభై లీటర్లతో సరిపోతుంది కాబట్టి మీకు నీళ్లు మిగిలినట్టు కనపడుతోంది. ఇంకో నాలుగైదేళ్లకి ఇవే చెట్లు ఏప్రిల్, మే నెలల్లో రోజుకి వంద నుంచి నూటయాభై లీటర్లు అడుగుతాయి, అప్పుడు ఈ ఎకరంన్నరకే 16 వేల నుంచి 25 వేల లీటర్లు. పైగా కాపుకొచ్చాక డిసెంబర్ జనవరిలో బెట్టకి వదిలి తర్వాత నీళ్లు కట్టి పూత తెప్పిస్తారు కదా, అక్కణ్ణుంచి కాయ ఊరేదాకా నీళ్లు కావాల్సిన టైంలో చెరువులో గేదెలు పొర్లే నీళ్లు కూడా ఉండవు. మొత్తం భారం బోరు మీదే. ఇంకో ఎకరంన్నర చీనీ ఎందుకొద్దంటున్నానో ఇప్పుడు అర్థమైందనుకుంటా.

సరే, మరి చెరువు నీళ్లు దేనికి? బోరుని ఆపడానికి.

నవ్వకండి, నిజంగా అదే. మన దగ్గర సెప్టెంబర్, అక్టోబర్ వానలకి చెరువులోకి నీళ్లొస్తాయి. హంద్రీనీవా నీళ్లు శ్రీశైలానికి వరదొచ్చాక మల్యాల దగ్గర ఎత్తిపోస్తే రావాలి, అవీ దాదాపు ఆ నెలల్లోనే మొదలవుతాయి. అంటే భూమ్మీద నీళ్లు నాలుగైదు నెలలు, తర్వాత ఏడెనిమిది నెలలు ఏమీ లేవు. జనం చేసేదేంటంటే ఆ నాలుగు నెలలు చెరువు నీళ్లూ పెట్టి బోరూ ఆడిస్తారు, కరెంటు ఫ్రీ కదా, ఆటోమేటిక్ స్టార్టర్ ఉంది కదా, కరెంటొస్తే అదే తిరుగుతుంది. అది మానేయండి. చెరువు నీళ్లు అందినన్నాళ్లు బోరు స్టార్టర్ ఆటోలోంచి తీసేయండి. చీనీకీ, రబీ శెనక్కాయ విత్తే తడికీ, ఊడలు దిగేటప్పటి తడికీ చెరువు నీళ్లే. కాయ ఊరే దశకి వచ్చేసరికి చెరువు అడుగంటితే అప్పుడు బోరుతో ఒకటో రెండో తడులు. ఇలా చేస్తే బోరు నీళ్లు కష్టకాలానికి మిగుల్తాయి. మూడెకరాలు మొత్తం కాకుండా రబీలో ఎకరంన్నర, మహా అయితే రెండు వేయండి, మిగతాది ఖరీఫ్‌లో వానాధారంగా కంది, కొర్ర ఏదైనా. ఖరీఫ్ శెనక్కాయ వేసినా ఆగస్టులో వాన మొహం చాటేసినప్పుడు ఒక్క తడి స్ప్రింక్లర్‌తో ఇవ్వగలిగితే పంట చేతికొచ్చేదీ రానిదీ అక్కడే తేలిపోతుంది. ఒక్క తడి అంటే 30, 40 మిల్లీమీటర్లు, లక్షన్నర లీటర్లు. బోరు నీళ్లకి ఇంతకంటే విలువైన వాడకం ఇంకోటి లేదని నా అభిప్రాయం.

హంద్రీనీవా గురించి కూడా కొంచెం నేల మీద నిలబడి మాట్లాడుకుందాం. ప్రాజెక్టు మొత్తం కాగితం మీద 40 టీఎంసీలు, 6 లక్షల 2 వేల 500 ఎకరాలు. భాగిస్తే ఎకరానికి పంతొమ్మిది లక్షల లీటర్లకి కాస్త తక్కువ, అంటే 465 మిల్లీమీటర్లు, అదీ కాలువల్లో ఇంకేవీ ఆవిరయ్యేవీ తీయకముందు. డిజైన్‌లోనే అది ఆరుతడి పంటల నీళ్లు. చెరువు నిండగానే కింద వరి నాట్లు మొదలెడితే తోకలో ఉన్నవాడికి ఏం మిగుల్తుంది? కడప వైపు పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి వినే ఉంటారు, 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. చెరువుకి ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు రాయించాడు అందులో. ఆ ఆరు దోషాల్లో ఒకటి తక్కువ నీళ్లకి ఎక్కువ భూమి కట్టుకోవడం. అప్పటికి బోర్లు కూడా లేవు.

మీ చెరువు మీ బోరుకి ఎంత సాయం చేస్తుందో కూడా చూడాలి. చెరువులో నీళ్లు నిలిచిన మేర రోజుకి 1.4 మిల్లీమీటర్లు కిందకి ఇంకుతాయని లెక్కల్లో తీసుకుంటారు. నూరెకరాల నీళ్లు నాలుగు నెలలు నిలిస్తే దాదాపు ఏడు కోట్ల లీటర్లు. ముప్పై నాలుగు నుంచి ముప్పై ఎనిమిది ఎకరాల రబీ శెనక్కాయకి సరిపోయే నీళ్లు, ఎవరూ తూము ఎత్తకుండానే. అయితే అందరికీ సమానంగా రాదు, కట్ట కింద దిగువన, పాత వంక దారిలో ఉన్న బోర్లకి ముందు అందుతుంది, కట్టకి ఎగువనో పక్క మిట్ట మీదో ఉంటే అంతగా రాదు. మీది ఎటు వైపో రాయలేదు. చెరువు నిండాక రెండు మూడు వారాల్లో మీ బోరులో నీటిమట్టం పైకొచ్చిందా లేదా చూస్తే తెలిసిపోతుంది. చూడ్డానికి ఒక చిట్కా: ఈసారి మోటరు పైకి తీసినప్పుడు కాలమ్ పైపు (మోటరు నుంచి నీళ్లు పైకి తెచ్చే పైపు) పక్కనే సన్న అరంగుళం పైపు ఒకటి కిందిదాకా దించి పెట్టేయండి, దాంట్లోంచి తీగకి బరువు కట్టి వదిలితే కేబుల్‌కి చుట్టుకోదు. నెలకోసారి, ఒకే రోజు, మోటరు వేయకముందు పొద్దున్నే కొలిచి గోడ మీద రాసుకోండి.

చెరువు ఇంకుడు గురించి వచ్చింది కాబట్టి ఒక సంగతి. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఆయకట్టు వాళ్లందరికీ బోర్లున్నాయి, అందరూ కూర్చుని తూము మూసేద్దాం, నీళ్లన్నీ ఇంకితే మన బోర్లే నిండుతాయి అని తీర్మానం చేశారు. ఆలోచన మంచిదే, రాయలసీమలో చాలా చెరువులు అలాగే నడుస్తున్నాయి. కానీ "అందరికీ" అన్నదాంట్లో ముగ్గురు లేరు, చివరి మడుల్లో అరెకరం ముప్పావెకరం వాళ్లు, బోరు వేసే స్తోమత లేదు, తూము నీళ్లే దిక్కు. పెద్ద గొడవైంది. నీరుగట్టి (చెరువు నీళ్లు పంచేవాడు) పెద్దాయన ఒకాయన తెంపు చేశాడు, తూము ఏడాదికి మూడుసార్లు ఎత్తాలి, ఆ మూడు తడులూ ఆ చివరి మడులకే, మధ్యలో ఎవరూ మళ్లించుకోకూడదు అని. ఇంజనీరింగు చదివిన మాకెవరికీ ఆ ముక్క తట్టలేదు. మీరు పైపు వేసే ముందు మీ ఊళ్లో అలాంటి వాళ్లెవరున్నారో చూసుకోండి.

అసలు పైపు వేయడానికి మీకు హక్కుందా అన్నది ఇంకా ముందు ప్రశ్న. మీ సర్వే నంబరు ఆ చెరువు ఆయకట్టులో ఉంటే ఒక మాట, లేకపోతే ఇంకో మాట. చెరువు లోపలికి మోటరు దించి లాగడం అనుమతి లేకుండా చేస్తే అది తప్పే, ఒకరు పెడితే పదిమంది పెడతారు, ఆయకట్టు రైతులు ఊరుకోరు. 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలున్నాయి కదా, మీ ఊరి సంఘాన్నీ, ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)నీ కలిసి రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకుంటే మంచిదే, ఒప్పుకోకపోతే కింద రాసిన ఫాంపాండ్, ఇంకుడు పని మీద పడండి.

పైపు సైజు దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. షాపులో 63 ఎంఎం చూపించి సగం రేటు అంటారు. సెకనుకి ఐదు లీటర్లు 600 మీటర్లు తోయాలంటే 63 ఎంఎంలో రాపిడికే దాదాపు 40 మీటర్ల ఎత్తు ఖర్చైపోతుంది, అదే 90 ఎంఎంలో ఏడు మీటర్లు. 63 ఎంఎం వేస్తే ఎత్తు పెద్దగా లేని చెరువు నీళ్లకి కూడా పెద్ద మోటరు పెట్టాల్సొస్తుంది. సరిగ్గా వేస్తే తేడా ఎంతంటే, లక్ష లీటర్లు వంద మీటర్ల లోతు నుంచి బోరుతో లాగితే 65, 70 యూనిట్లు కరెంటు కాలుతుంది, పది మీటర్లు ఎత్తిపోయడానికి ఏడు యూనిట్లు. బిల్లు మీరు కట్టకపోయినా మోటరు కాలినప్పుడు రీవైండింగ్ డబ్బులు మీవే కదా.

ఇప్పుడు ఫాంపాండ్. దీంట్లో జనం రెండు వేరే పనులు కలిపేస్తారు. నీళ్లు దాచుకోడానికి తవ్వే కుంట వేరు, ఇంకించడానికి తవ్వే కుంట వేరు. ఎర్ర నేలలో ప్లాస్టిక్ షీటు లేకుండా తవ్వి నీళ్లు నిలవట్లేదని తిట్టుకుంటారు, అది బోరుకి ఎగువన ఉంటే నిలవకపోవడమే మంచిది, ఆ నీళ్లు మీ బోరు వైపే పోతున్నాయి. దాచుకోవాలంటే 500 మైక్రాన్ షీటు వేయాలి. సైజు విషయానికొస్తే ప్రభుత్వ పథకాల్లో తవ్వే 10 మీటర్లు 10 మీటర్లు, రెండున్నర మీటర్ల లోతు కుంటలో గట్ల వాలు పోను పట్టేది లక్షా నలభై ఐదు వేల లీటర్లు, ఎకరానికి సరిగ్గా ఒక తడి. చిన్నదని తీసిపారేయకండి, ఖరీఫ్‌లో నేను చెప్పిన ఆ ఒక్క తడి ఇదే. 20కి 20, మూడు మీటర్ల లోతైతే ఎనిమిది లక్షల డెబ్బై వేలు. పైనుంచి ఆవిరి రోజుకి ఆరు మిల్లీమీటర్లు వేసుకున్నా 2,400 లీటర్లు, రెండు నెలల్లో లక్షా నలభై వేలు పోతాయి, అంటే ఆరో వంతు. అందుకే కుంట నీళ్లు ముందు వాడేయాలి, బోరు నీళ్లు తర్వాత, కింద ఉన్న నీళ్లకి ఎండ తగలదు. కొంతమంది దీనికి తలకిందులుగా బోరుతో కుంట నింపి దాచుకుంటారు! రాత్రి కరెంటు నీళ్లు పొద్దున వాడుకోడానికైతే ఓకే, నెలల తరబడి దాచడానికైతే ఎండకి ఆరబెట్టడమే. కుంట చుట్టూ కంచె మాత్రం వేయండి, ఒక మూల తాడూ టైరూ కట్టి పెట్టండి, షీటు జారుడుకి పడ్డవాళ్లు పైకి రాలేరు, పిల్లలు తిరిగే చోటు.

డ్రిప్ సంగతి. ఇక్కడ కూడా నాకో అనుభవం. నా డ్రిప్ బోరు కోసం వేసింది, స్క్రీన్ ఫిల్టరు ఒక్కటే ఉంది. అదే లైన్‌కి చెరువు నీళ్లు కలిపా. ఇరవై రోజులు తిరక్కుండా సగం డ్రిప్పర్లు మూసుకుపోయాయి, విప్పి చూస్తే లోపల ఆకుపచ్చ జిగురు. చెరువు నీళ్లలో పాచి ఉంటుంది, స్క్రీన్ ఫిల్టరు పాచిని ఆపదు, అది మెత్తగా నలిగి లోపలికి పోతుంది. చెరువు నీళ్లకి శాండ్ ఫిల్టరు తప్పనిసరి, దాని తర్వాత స్క్రీన్ కానీ డిస్క్ కానీ. బోరులో ఇసుక వస్తుంటే దానికి హైడ్రోసైక్లోన్ వేరే. రెండు నీళ్లూ ఫిల్టర్లకి ముందే కలిసేలా, ఒక్కోదానికి ఒక నాన్‌రిటర్న్ వాల్వుతో కట్టించుకోండి, లేకపోతే చెరువు మోటరు ఆడినప్పుడు ఆ మురికి నీళ్లు వెనక్కి బోరులోకి దిగుతాయి, నేను చూశా. ఫిల్టరు ముందూ వెనకా ప్రెజర్ గేజీల్లో తేడా అర కేజీ దాటితే బ్యాక్‌వాష్. పాచికి క్లోరిన్, బోరు నీళ్ల సున్నానికి యాసిడ్ వాడతారు. ఈ రెండూ ఒకే రోజు ఒకే ట్యాంకులో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది, ఇది సరదాగా చెప్తున్నది కాదు.

ఉప్పు గురించి. మీరు ఈసీ (నీళ్లలో ఉప్పెంతుందో చెప్పే కొలత) అంకె ఇవ్వలేదు, మట్టి, నీళ్లు టెస్ట్ చేసే ల్యాబ్‌లో ఇస్తే చెప్తారు, బోరుదీ చెరువుదీ విడివిడిగా ఇవ్వండి. ఉదాహరణకి బోరు 2,000 మైక్రోసీమెన్స్, చెరువు 400 అనుకుంటే సగం సగం కలిపితే 1,200. లెక్క అంతే సులువు. కానీ కలపడం కంటే మార్చి మార్చి పెట్టడం మేలని నా అనుభవం, పుస్తకాలూ అదే చెప్తాయి. కలిపితే ఉన్న మంచి నీళ్లు కూడా చెడతాయి. మొలక దశ ఉప్పుకి తట్టుకోదు, దానికి చెరువు నీళ్లు. పంట ముదిరాక బోరు నీళ్లు తట్టుకుంటుంది. చీనీ మాత్రం ఉప్పుకి బాగా మెతక, శెనక్కాయ తట్టుకున్నంత కూడా తట్టుకోదు. వేసవంతా బోరు నీళ్లు డ్రిప్‌లో పెట్టాక తడి అంచున తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది, చూసే ఉంటారు. మొదటి చిన్న వానకి ఆ ఉప్పు వేర్ల దగ్గరికే దిగుతుంది, వాన పడింది కదా అని డ్రిప్ ఆపేస్తారు, వారంలో ఆకు అంచులు మాడుతాయి, తెగులనుకుని మందు కొడతారు. ఆ మొదటి వానల్లో డ్రిప్ ఆపకండి, ఉప్పు కిందకి పోతుంది. చెరువు నీళ్లు రాగానే చీనీకి ఒకట్రెండు తడులు మామూలుకంటే ఎక్కువసేపు ఇచ్చి కడిగేయండి.

చెరువు నీళ్లో పొలం నీళ్లో నేరుగా నడుస్తున్న బోరులోకి వదలమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినొద్దు. ఒండ్రు పోయి పగుళ్లు పూడుకుపోతాయి, మందుల నీళ్లు కూడా అందులోకే, ఆ నీళ్లే తాగేవాళ్లుంటారు చుట్టుపక్కల. బోరు చుట్టూ గుంత తీసి రాళ్లు, కంకర, ఇసుక పొరలు వేసి వడకట్టినవైతే సరే. పొలంలో ఎండిపోయిన పాత మోట బావి ఉంటే ఇంకా మంచిది, ముందు ఒక పూడిక గుంత కట్టి అందులోంచి వదలండి.

ఇంత చేశాక కూడా ఒక చిక్కు మిగుల్తుంది, మీరు బోరు ఆపితే పక్కాయన లాగేస్తాడు. నిజమే. దీనికి మీ ఒక్కరి చేతిలో మందు లేదు. 2000 తర్వాత అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో రైతులే బోర్ల నీటిమట్టాలు కొలిచి, రబీకి ముందు ఊళ్లో కూర్చుని ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంట ఎన్ని ఎకరాలు అని లెక్క వేసుకునే ప్రాజెక్టు ఒకటి నడిచింది, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ సాయంతో, దాన్ని ఏపీఫామ్‌గ్స్ అనేవాళ్లు. ఎవరూ ఎవరికీ ఆంక్ష పెట్టలేదు, లెక్క గోడ మీద రాశారంతే, చాలాచోట్ల వరి తగ్గించుకున్నారు. అలాగే వాసన్ సంస్థ వాళ్లు కొన్ని ఊళ్లలో నాలుగైదు బోర్లని పైపులతో కలిపి, బోరు లేని రైతుకి కూడా ఆ ఒక్క తడి అందేలా చేశారు, బదులుగా అక్కడ కొత్త బోర్లు వేయకూడదని ఒప్పందం. మీ చుట్టూ నలుగురైదుగురు ఉంటారు కదా, ఈ దసరాకి అందరూ ఊళ్లోనే ఉంటారు, చెరువు నీళ్లున్నన్నాళ్లు అందరం స్టార్టర్లు ఆఫ్ చేద్దామని ఒక మాట అడిగి చూడండి. ముగ్గురు ఒప్పుకున్నా తేడా కనపడుతుంది.

డబ్బు విషయంలో నా వరస ఇది: డ్రమ్ము టెస్టు, నీళ్ల టెస్టు ముందు, వాటికి ఖర్చు పెద్దగా లేదు. తర్వాత శాండ్ ఫిల్టరు, వాల్వులు. అనుమతి వస్తే 90 ఎంఎం పైపు, చిన్న మోటరు. రాకపోతే ఆ డబ్బుతో బోరుకి ఎగువన షీటు లేని ఇంకుడు కుంట ఒకటి, శెనక్కాయ మడి పక్కన షీటు వేసిన కుంట ఒకటి. ఫాంపాండ్‌కి, డ్రిప్‌కి సబ్సిడీలు ఏటా మారుతుంటాయి కాబట్టి రైతు సేవా కేంద్రంలో అడిగాకే పని మొదలెట్టండి, ముందే తవ్వేస్తే బిల్లు రాదు.

డ్రమ్ము టెస్టు అంకెలు, రెండు ఈసీలు, చెరువు కట్టకి మీ పొలం ఎటువైపుందో, ఈ మూడూ ఇక్కడ రాయండి. చీనీ ఎన్ని చెట్లు బతికించగలరో అప్పుడు కూర్చుని లెక్కేద్దాం. అప్పటిదాకా నర్సరీలో అడ్వాన్సు ఇవ్వకండి.